చంద్రమ్మ అడిగిన దూది

1943 జూన్‌లో నన్ను ఆడవాళ్ళ వార్డుకు ఇన్‌ఛార్జి నర్సుగా వేశారు. అది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మిషన్ దవాఖాన. పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే తప్పులో పెద్ద వాటా నాది. నాకప్పుడు ఇరవై ఏడేళ్ళు. మా అమ్మానాన్నలు కూలి చేసుకుని బతికినవాళ్ళు. ఆ ఇంటి నుంచి వచ్చి, తెల్లచీర కట్టి, నడుమున వార్డు తాళాలు దోపుకునేదాకా ఎదిగానని నాకు కొంచెం గర్వం. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

అందరికీ పైన డాక్టరమ్మ, విదేశీయురాలు. ఆమె కింద నేను, నా కింద ఇద్దరు స్టాఫ్ నర్సులు, ఆ కింద పని నేర్చుకుంటున్న ప్రొబేషనర్లు. డాక్టరమ్మ చెయ్యి గొప్పది కానీ తెలుగు అంతంతమాత్రం. రోగులకు ఏం చెప్పాలన్నా నేనే చెప్పేదాన్ని. ఏం చెప్పకూడదో కూడా చాలాసార్లు నేనే తేల్చేదాన్ని.

ఆ ఏడు చలికాలంలో కొల్లాపూర్ దిక్కు నుంచి బాలయ్య అనే రైతు తన భార్య చంద్రమ్మను బండిలో తీసుకొచ్చాడు. ఆమెకు ముప్పై ఐదేళ్ళుంటాయి. ఎడమ రొమ్ములో గడ్డ. ఏడాదిగా ఎవరికీ చెప్పలేదట. వచ్చిన రెండు రోజుల్లోనే వార్డంతా తనదైనట్టు తిరిగింది. కాంపౌండర్ నడకను నడిచి చూపించి, కుట్లతో పడుకున్నవాళ్ళను కూడా నవ్వించి నా చేత తిట్లు తిన్నది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, రొమ్ము మొత్తం, చంకలోని గడ్డలతో సహా తీసేయాలన్నది. అప్పటి పద్ధతి ప్రకారం ఆపరేషన్‌కు ఒప్పుదల కాగితం మీద భర్త వేలిముద్ర వేస్తే చాలు. బాలయ్య వేలిముద్ర వేసి, నన్ను పక్కకు పిలిచాడు. "దానికి చెప్పకుండ్రి అమ్మా. చెప్తె భయపడి బల్ల మీద పండదు," అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. చంద్రమ్మ ఏం చేస్తారని అడిగితే గడ్డ తీసేస్తారని చెప్పాను. అందులో అబద్ధం లేదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. ఈథర్ మత్తు దిగాక చంద్రమ్మ కుడిచేత్తో కట్టు తడుముకుంది. చాలాసేపు తడుముకుంది. నన్ను ఒక్క మాట అడగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి ఆమె నవ్వు గానీ ఏడుపు గానీ ఎవరూ వినలేదు. మూలిగే రోగి మాకు తలనొప్పి, నోరు మెదపని రోగి బంగారం. కేస్ షీట్‌లో ప్రతిరోజూ 'ప్రశాంతంగా ఉంది, ఏ బాధా చెప్పలేదు' అని రాశాను. ప్రొబేషనర్లకు ఆమెను చూపించి, ఓపికంటే అట్లా ఉండాలని కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చంకలో కోత పడ్డవాళ్ళకు భుజం బిగుసుకుపోతుంది. అందుకని రోజూ గోడకు ఎదురుగా నిలబడి, ఆ చేతి వేళ్ళను మెల్లగా పైకి పాకించాలి. అందినంత ఎత్తులో మేము సుద్దతో గీత పెట్టేవాళ్ళం. చంద్రమ్మ గీత రోజురోజుకూ పైకి పోయింది. డాక్టరమ్మ మెచ్చుకున్నది.

పదకొండో రోజు నేను మందుల బల్ల దగ్గర ఉండగా చంద్రమ్మ వచ్చి, "నర్సమ్మా, జరంత దూది ఇస్తవా?" అన్నది. ఎందుకని అడిగితే, "ఊకెనే," అని తల దించుకుంది. యుద్ధం రోజులు, దూదికి కటకటగా ఉండేది. పట్టీలు ఉతికి, ఉడకబెట్టి మళ్ళీ వాడుతున్నాం. ఇంటికి పోతూ దీపపు వత్తులకు అడుగుతోందనుకున్నాను. వార్డంతా వినేటట్టు, ఇది పుండ్లకు పెట్టే దూది, నీ దీపాలకు కాదని గదమాయించాను. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని, "తప్పైంది," అని వెళ్ళిపోయింది. అయిదు రోజుల తర్వాత ఇంటికి పంపించాం. మూడు నెలలకు తప్పకుండా రమ్మన్నాం.

ఆరు నెలలైనా రాలేదు. దవాఖాన బండి ఆ ఊళ్ళ మీదుగా మందులతో వెళ్తుంటే, డాక్టరమ్మ నన్ను కూడా పంపింది. చంద్రమ్మ ఇంటి వాకిట్లోనే బాలయ్య ఎదురయ్యాడు. పాపం, మనిషి సగమయ్యాడు. "నేను ఒక్క మాటన్న అనలే నర్సమ్మా. కూలికి పోదు, నీళ్ళకు పోదు. సొంత చెల్లె బిడ్డ పెండ్లికి గూడ రాలే," అన్నాడు.

లోపలికి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, చంద్రమ్మ రైక విప్పించాను. మా వైపు రైకకు ముందు ముడి వేసుకుంటారు. ఒకవైపు ఖాళీ అయితే ముడి పక్కకు జారి, చూసినవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. ఆమె ఎడమవైపు పాత గుడ్డలను ఉండలా చుట్టి పెట్టుకుంది. ఆ ముతక గుడ్డ ఒరుసుకుని మానిన మచ్చ మళ్ళీ పుండయింది. ఉండ జారకుండా చేతిని ఒంటికి అదిమి పట్టుకోవడంతో భుజం బిగిసిపోయింది. గోడ మీద అంత ఎత్తు పాకిన చెయ్యి ఇప్పుడు నోటిదాకా రావడం లేదు. దూది ఎందుకడిగిందో అప్పటిగ్గానీ నా బుర్రకెక్కలేదు. మెడ కింద ఎముక దగ్గర వేలు పెట్టి చూశాను. కొత్త గడ్డ తగిలింది, రోగం తిరగబెట్టింది.

వెంటనే బండెక్కమన్నాను. బతిమాలాను, చివరికి చేతులు పట్టుకున్నాను. ఆమెకు నా మీద కోపం కూడా లేదు. "ముందుగాల్నే చెప్తె ఏమాయె నర్సమ్మా? ఏడ్సుకుంటనన్న ఒప్పుకుందును గద. మల్ల మత్తిచ్చి ఇంకేం తీస్తరో, ఎవలకెరుక," అన్నది. కత్తి పెట్టరని, పుండుకు మందు మాత్రమే వేస్తారని ప్రమాణం చేశాను. నా ముఖంలోకి చూసి, "గప్పుడు గూడ నువ్వే చెప్తివి," అన్నది.

పుండు కడిగి, మెత్తగా దూది పెట్టి కట్టు కట్టాను. మిగిలిన దూదంతా ఆమె దగ్గరే వదిలి వచ్చాను. ఆ తర్వాత ఆమె దవాఖానకు రాలేదు. మరుసటి ఎండాకాలంలో చనిపోయిందని బాలయ్య వచ్చి చెప్పి పోయాడు.

తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు నౌకరీ చేశాను. భర్త వేలిముద్ర వేసినా, ఆడమనిషి పక్కన నేనే కూర్చుని, ఏం తీస్తారో, తీశాక ఎట్లా ఉంటుందో ఆమెకే చెప్పాను. అట్లా విన్నవాళ్ళలో ఇద్దరు ఆపరేషన్ వద్దని లేచి వెళ్ళిపోయారు. డాక్టరమ్మ చేత చీవాట్లు తిన్నాను. చెప్పకుండా ఉంటే వాళ్ళు బతికేవాళ్ళేమో. చెప్పి ఉంటే చంద్రమ్మ బతికేదని కూడా అనలేను, ఆ గడ్డ అట్లాంటిది. కానీ మళ్ళీ మందు కావలసి వచ్చినప్పుడు ఆమెకు నమ్మదగిన నర్సు ఒక్కతీ లేకుండా చేసింది నేను.