చుక్క ముట్టని తాగుబోతు

పనిచోట అందరూ అతన్ని గద్ద అనేవారు. కట్టే భవనం పక్కన పెద్ద క్రేన్ పైన, ఒక్క మనిషి పట్టే గాజు గదిలో కూర్చుని ఇనుపచువ్వల కట్టలు, సిమెంటు తొట్లు గాల్లో మోసి దించడం అతని పని. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా దిగేది లేదు. కిందివాళ్లు కూర్చుని అన్నం తింటుంటే అతను పైన తీపి బ్రెడ్డు నమిలి, సీసాలోని చక్కెర పానీయంతో గొంతు తడుపుకునేవాడు.

కడుపు గడబిడ చేసిందా, ఆ గదిలో మనిషి బతుకు అడకత్తెరలో పోకచెక్కే. ఒకసారి అలాగే అయింది. ఆ సిగ్గు మళ్లీ పడలేక గద్ద ఒక అలవాటు చేసుకున్నాడు. కడుపులో గుడగుడ అంటే చాలు, మందుల షాపులో యాంటీబయాటిక్ బిళ్లలు కొని, మింగి ఎక్కేవాడు. డాక్టరూ లేదు, చీటీ లేదు. క్రేన్ ఆపరేటర్లలో ఇదొక గొప్ప చిట్కా. ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయేవారు, ఆ తెలివికి దండం పెట్టాలి!

కింద నిలబడి చేతులు ఊపుతూ దారి చూపించేవాడు సొంత బావమరిది. పైవాడికి వాడి చేతులే కళ్లు. పైవాడి చెయ్యి తప్పితే వాడి ప్రాణానికే ముప్పు. గాలి వాటం తెలియడానికి క్రేన్ కొసన ఒక ఎర్రగుడ్డ కట్టి ఉండేది.

ఇక భార్య సంగతి. ఆమె తండ్రి తాగి తాగి ఇంటిని గుల్ల చేసి పోయాడు. అందుకే సంబంధం వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, "తాగుతాడా?" అని. చుక్క ముట్టడన్నారు. అది నిజం. ఆ ఒక్క నిజం మీదే ఆ కాపురం నిలబడింది.

ఒక మధ్యాహ్నం బ్రెడ్డు తిన్న కాసేపటికి, పైనుంచి దిగుతున్న చువ్వల కట్ట అడ్డంగా ఊగింది. బావమరిది పక్కకు దూకాడు కాబట్టి బతికాడు, భుజం మాత్రం విరిగింది. గద్ద దిగివచ్చి, "గాలిరా! ఉన్నట్టుండి తోసేసింది!" అన్నాడు. సూపర్‌వైజరు తాగినవాళ్లను పట్టే ఊదే మిషన్ తెచ్చి నోటి ముందు పెట్టాడు. అది కీచుమంది.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. పాపం, ఇతను చెట్టు కింద కూడా లేడు, ఆకాశంలో ఉన్నాడు. అయినా ఎవరు వింటారు? పనిలోంచి నిలిపేశారు.

"నీ మీద ఒట్టే, నేను తాగలేదు" అన్నాడు భార్యతో.

"మా నాన్నా నా మీదే ఒట్టేసేవాడు" అంది ఆమె.

సీసా కోసం బియ్యం డబ్బా, బూట్లు, పరుపు కింద అన్నీ వెతికింది. ఏమీ దొరక్కపోవడంతో అనుమానం ఇంకా పెరిగింది. మర్నాటి నుంచి కుట్టుపనికి వెళ్తూ బయట తాళం వేసి, తాళంచెవి వెంట తీసుకుపోయేది. గద్ద ఆ రెండు గదుల్లో బందీ అయ్యాడు. పైనున్న గాజు గదిలో కనీసం ఊరంతా కనిపించేది, ఇక్కడ ఎదురింటి గోడ కనిపించేది. ఆమె వండిపెట్టిన అన్నం తిని, కునుకు తీసి లేస్తే తల దిమ్ముగా ఉండేది. సాయంత్రం ఆమె వస్తూనే దగ్గరికొచ్చి నోరు వాసన చూసేది.

"తాళం వేసినా ఎలా తెప్పించుకున్నారు? కిటికీలోంచా?"

అతను అరచేతిలోకి ఊదుకుని చూసుకునేవాడు. నిజమే, వాసన! ఏడుపొచ్చేది. తనకు తెలియకుండానే తాగుతున్నాడా? పిచ్చెక్కుతోందా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక్కడ దొంగ ఇంట్లో కాదు, ఏకంగా ఒంట్లో ఉన్నాడని అతనికి మాత్రం ఏం తెలుసు?

కుడిపక్క డొక్కలో బరువుగా ఉంటోందంటే ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కాన్ చూసి డాక్టరమ్మ, "లివర్ నిండా కొవ్వు పేరుకుంది. ఎన్నాళ్లుగా తాగుతున్నారు?" అంది.

భార్య లేచింది. "ఇక నావల్ల కాదు. నేను పోతా."

గద్ద బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. "నన్ను ఇక్కడే ఒక గదిలో పెట్టండి మేడమ్. ఈమెనే కాపలా కూర్చోబెట్టండి. నేను తాగినట్టు తేలితే పోనివ్వండి."

డాక్టరమ్మ అతని ముఖంలోకి చూసింది. ఏం తింటాడు, ఏ మందులు వాడతాడు అని మొదటి నుంచీ అడిగింది. బిళ్లల మాట వినగానే ఆమె ముఖం మారింది. ఆ రోజే గదిలో పెట్టి చక్కెర నీళ్లు తాగించారు. భార్య ఎదురుగా కుర్చీ వేసుకుని కన్ను ఆర్పకుండా కూర్చుంది. నర్సు వచ్చిపోతూ రక్తం తీసింది, మిషన్‌లో ఊదించింది. మొదట మిషన్ కిమ్మనలేదు. పొద్దు తిరిగేసరికి కీచుమంది. భార్య దిగ్గున లేచి అతని నోరు వాసన చూసి, అక్కడే కూలబడి భోరుమంది.

"మీ ఆయన తాగలేదమ్మా" అంది డాక్టరమ్మ. "ఆ బిళ్లలు కడుపులోని మంచి బ్యాక్టీరియాను చంపేశాయి. మొండివి మిగిలి ఆ చోటంతా ఆక్రమించాయి. తీపి తిన్నా, అన్నం తిన్నా అవి దాన్ని సారాగా మార్చేస్తున్నాయి. ఆ సారా, వాటి విషం పేగుల్లోంచి నేరుగా లివర్‌కే పోతాయి. ఈయన తాగకపోయినా, ఈయన లివర్ తాగుతోంది."

నయమవుతుందట, కానీ నెలలు పడుతుందట. ఆమె అతని చెయ్యి పట్టుకుని వదల్లేదు. గద్దకు గుండెల మీది బండ దిగినట్టయింది. ఇక అతనేం చెప్పినా నమ్ముతారు.

కబురు విని బావమరిది వచ్చాడు, విరిగిన భుజం వైపు చెయ్యి మెడకు కట్టుకుని. "నువ్వు తాగవని నాకు తెలుసు బావా" అని నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి, ఆ రోజు కూడా బ్రెడ్డు తిన్నాకే కదా కట్ట ఊగింది? గాలి అన్నావు?"

తాగలేదన్న రుజువు కోసం అతను ఇన్నాళ్లు తపించాడు. ఆ రుజువే ఇప్పుడు గొంతు పట్టుకుంది. తాగనివాడే, కానీ ఆ రోజు ఈ కుర్రాడి తల మీద చువ్వల కట్ట ఆడించింది మత్తులో ఉన్న చెయ్యి. గాలే అంటే ఇద్దరూ నమ్మేస్తారు. భార్య చెయ్యి ఇంకా అతని చేతిలోనే ఉంది.

"గాలి లేదురా" అన్నాడు గద్ద. "ఆ రోజు ఎర్రగుడ్డ కదలనే లేదు."