స్వరూపక్క రాణీరంగు గిటారు

మా వీధి చివర ఎవరో ఇనుప గేటుకు స్ప్రే రంగు కొట్టిస్తున్నారు. ఉదయం డ్యూటీకి వెళ్తూ ఆ పక్కగా బండి పోనిచ్చేసరికి థిన్నర్ వాసన హెల్మెట్ లోపలికి దూరింది. ఘాటుగా, కొంచెం తియ్యగా, గొంతు వెనక అంటుకునే వాసన. గేటు రంగు మామూలు నలుపే. కానీ ఆ వాసన తగిలితే నాకు కనిపించేది వేరే రంగు. సూరత్ చీరల బజారులో రాణీరంగు అంటారే, గులాబీ దాటి వంకాయ పువ్వు దాకా పోకుండా మధ్యలో ఆగిన ముదురు రంగు, అది. దాని వెనకే స్వరూపక్క గొంతు. బండి పక్కకు ఆపి, గేటుకు రెండో పూత పడేదాకా నిలబడ్డాను.

సూరత్ శివారు భేస్తాన్‌లో మేమున్న చాల్‌లో, అంటే వరసగదుల ఇంట్లో, మా గదికి ఎదురుగది వాళ్లది. మాలాగే కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాళ్లు. ఆమె భర్త రాజేశం బావ వెనక సందులోని షెడ్డులో పవర్‌లూమ్ మగ్గాలు నడిపేవాడు. ఆమె చీరలు మడతపెట్టి డబ్బాల్లో సర్దే చోట పనిచేసేది. పెళ్లిళ్ల కాలంలో మన తెలుగువాళ్ల ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేది. మొదట కోరస్ పాడేదట. అక్కడి గిటారిస్టు ముంబై వెళ్లిపోతూ తన పాత ఎలక్ట్రిక్ గిటారును ఆమెకు అమ్మేశాడు. ఫోనులో వీడియోలు చూస్తూ, వంట చేస్తూ, వేళ్లు కాయలు కాసేదాకా నేర్చుకుంది. ఆమె గురించి తెలియనివాళ్లకు మూడు సంగతులు ముందే చెప్పాలి. ఒకటి, మెల్లగా మాట్లాడటం ఆమెకు రాదు. రెండు, ఎవరు సలహా ఇచ్చినా పూర్తిగా వినేది, విన్నాక తనకు తోచినట్టే చేసేది. మూడు, రంగుల విషయంలో దేవుడు దిగివచ్చినా ఆమె మాటే ఆఖరు.

ఆ గిటారుకు ఒక రోగం ఉండేది. స్పీకరుకు తగిలిస్తే చాలు, వాయించకపోయినా గుయ్యిమని రొద చేసేది. మా వైపే జరిగిన ఒక పెళ్లిలో పురోహితుడు మంత్రాలు చదువుతుంటే కూడా ఆగలేదు. ఆర్కెస్ట్రా నడిపే ప్రభాకర్ ఆ మర్నాడు చాల్‌కు వచ్చి, మా అందరి ముందే అన్నాడు.

"అక్కా, అయ్యగారు మంత్రం సదువుతుంటె నీ గిటారు ఎనుకనించి ఊకొడుతున్నది. పెండ్లోళ్లు నన్ను తిడుతున్నరు. మల్ల గిట్లనే ఉంటె గిటారు సప్పుడు కీబోర్డుల్నే తీసుకుంట. నువ్వు పాతలెక్కనె కోరస్‌ల నిలవడు."

అతను వెళ్లాక అక్క మెట్ల మీద కూర్చుని నాతో అంది. "ప్యాకింగ్‌ల నన్ను ఓ బెహన్ అంటరు. ఈడ రాజేశం పెండ్లాం అంటరు. ఒక్క ఆ స్టేజి మీదనె మైకుల స్వరూప అని పిలుస్తరు. గదీ పోతె ఎట్లరా?" గట్టిగా మాట్లాడే మనిషి ఆ ఒక్క వాక్యం మాత్రం మెల్లగా అంది. నేనప్పుడు ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాను. బాగు చేసి ఇస్తానని మాట ఇచ్చేశాను. ఎలా చేయాలో నాకింకా తెలియదు.

అంతలోనే లాక్‌డౌన్ వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులో పెరిగినవాణ్ణి. అది ఆగాక పక్కగదిలో చెంచా కింద పడినా ఉలిక్కిపడేవాణ్ణి. చాల్‌లో సగం గదులకు తాళాలు పడ్డాయి. మగ్గాల యజమాని సేఠ్ షెడ్డు మళ్లీ తెరుస్తాడో లేదో తెలియక రాజేశం బావ రోజంతా గదుల ముందరి గ్యాలరీలో నిలబడి ఆ సందు వైపే చూసేవాడు. ఊరికి పోదామా, ఇక్కడే ఉందామా అని వాళ్ల గదిలో రోజూ ఒకే చర్చ. ఆ రోజుల్లోనే ఒక పొద్దున అక్క గిటారును పాత చీరలో చుట్టి, ముఖానికి కొంగు కట్టుకుని, మా గుమ్మంలో దించింది.

"కాలేజీ లేదు గద ఇంజినీరూ. ఇగ దీన్ని సూడు."

నేను పనులను వరసలో పెట్టాను. మొదట రొద. తర్వాత తీగలు బిగించే మరలు, ఎందుకంటే రెండు పాటలకే శ్రుతి జారిపోతోంది. ఆ తర్వాత కరకరలాడే వాల్యూమ్ నాబ్. చిట్టచివర, సమయముంటే, రంగు. ఆమె ఆ వరస అంతా శ్రద్ధగా వింది.

"అయితె రంగు మొదలు వెయ్యి."

"అక్కా, రంగుతోని సప్పుడు పోదు."

"సప్పుడు లోపల ఉంటది, ఎవ్వలకు కనవడది. జనం మొదలు కండ్లతోని వింటరు, ఎనుక చెవులతోని. రాణీకలర్ వెయ్యి."

చివరికి రెండూ ఒకేసారి నడిచాయి. దుకాణాలు కాసేపు తెరవడం మొదలయ్యాక బండ్ల మీద పడ్డ గీతలకు కొట్టే స్ప్రే డబ్బాలు దొరికాయి. ఎరుపూ ఊదా పూతల మీద పూతలుగా వేస్తూ, ప్రతి పూత ఆరాక నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్దుతూ, ఆమె చెప్పిన రంగుకు దగ్గరగా తెచ్చాను. ప్రతిసారీ ఆమె ఒక చీర అంచు తెచ్చి పక్కన పెట్టి చూసేది. "ఇంక జర ఉడకాలె," అనేది, కూర గురించి అన్నట్టు. గిటారు ముందువైపు ఉండే తెల్లటి ప్లాస్టిక్ పలక పగిలి ఉంది. దాన్ని నమూనాగా పెట్టుకుని బోర్డులు చేసే దుకాణంలో పారదర్శకమైన పలక కోయించాను. దాని కింద, మచ్చపడి వెనక్కి వచ్చిన చీరలోంచి నెమలి ఉన్న ముక్కను ఆమె కత్తిరించి పరిచింది. జరీ వల్ల కరెంటు తీగలు కలిసిపోతాయేమోనని నేను మీటరు పెట్టి చూశాను. ప్లాస్టిక్ జరీ, ఏ భయమూ లేదు అన్నాను. "ముప్పై ఏండ్ల సంది సూరత్‌ల ఉంటున్న, అసలు జరీ ముక్కను నాకు ఫ్రీగ ఎవ్వడిస్తడురా," అని ఆమె నవ్వింది.

రొద కోసం గిటారు లోపలి గుంతకు వంటింటి అల్యూమినియం రేకు అంటించాను. అల్యూమినియానికి టంకం అంటుకోదు కాబట్టి ఒక స్క్రూతో బిగించి ఎర్తు తీగకు కలిపాను. కొత్త మరలు పార్సిల్లో వచ్చాయి. అన్నీ బిగించి, ఆమె గదిలోనే చిన్న స్పీకరుకు తగిలించి, వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. నిశ్శబ్దం. ఆమె ఒక తీగ మీటింది. శుభ్రంగా మోగి, శుభ్రంగా ఆగింది. రాజేశం బావ గ్యాలరీలోంచి తల లోపలికి పెట్టి, "బందయిందా ఏంది?" అన్నాడు. నేను అక్కడికక్కడే ప్రభాకర్‌కు ఫోను చేసి, స్పీకరు దగ్గర ఫోను పెట్టి వినిపించాను. వినడానికి ఏమీ లేకపోవడమే నా గొప్ప. "సరె, మొదలు వచ్చే ప్రోగ్రాం అక్కదే. కని సప్పుడు చేస్తె అదే ఆఖరిది," అన్నాడతను.

తర్వాత కొన్ని నెలలకు ఒక పొద్దున నిద్రలోనే నా ఒంటికి తెలిసింది. మంచం కోడు సన్నగా అదురుతోంది. వెనక సందులో మగ్గాలు నడుస్తున్నాయి. నేను కళ్లు తెరిచేలోగా రాజేశం బావ టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లు దిగిపోయాడట. అప్పటికే ప్రభాకర్ ఒక పెళ్లి ఒప్పుకుని ఉన్నాడు. మధ్యాహ్నం అక్క నన్ను పిలిచింది. సాధన కోసం గిటారు తగిలించింది. గుయ్యిమంది. మునుపటి రొదే, మునుపటంత గట్టిగా.

నాకు వెంటనే అర్థమైంది. అర్థం కావడమే ఎక్కువ బాధ. రేకు ఆపగలిగే రొద వేరు, పక్కన తిరిగే మోటార్ల అయస్కాంతం నుంచి వచ్చే రొద వేరు. పరీక్షలో రాసిన సంగతే అది. నేను రోగాన్ని తగ్గించలేదు. మోటార్లు ఆగి ఉన్నన్నాళ్లు అది నిద్రపోయింది, అంతే. ఆ మాటే ఆమెకు చెప్పాను.

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నన్ను చూసి కాదు. కిటికీ వైపు తిరిగి, గిటారు ఒళ్లోనే పెట్టుకుని, తీగలను ముట్టుకోకుండా ఆ రొద వింటూ కూర్చుంది.

"అక్కా, ప్రోగ్రాం పోతది. నీకు తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది తియ్యి. మిషిన్లు నడుస్తున్నయిరా. మీ బావ పని మీద నిలవడ్డడు. ఇన్నొద్దులు నాకు నిద్ర లేదు. ఊరికి పోతె ఏం తింటం, ఈడ ఉంటె ఏం తింటం అనుకుంట. జరసేపు ఇననియ్యి."

నేను విన్నాను. నాకు తప్పులా వినిపించినది ఆమెకు కూలిలా వినిపించింది. ఒకే శబ్దం. అప్పటిదాకా గ్యాలరీలో నిలబడ్డ బావ ముఖం గుర్తొచ్చి, నా భుజాలు కూడా కొంచెం వదులయ్యాయి. తర్వాత ఆమె స్పీకరు ఆపి, గిటారు నా చేతిలో పెట్టింది.

"ఇన్నది సాలు. ఇగ నీ పని సూడు. అవి బందున్నప్పుడు మంచిగ చేసిన అంటె ఎవ్వడు నమ్ముతడు? ఇప్పుడు నడుస్తున్నయి, ఇప్పుడు చెయ్యి. ఈన్నే కూసోని చెయ్యి."

అక్కడే కూర్చుని చేశాను. తీగల కింద శబ్దాన్ని పట్టుకునే రాగి చుట్టలు ఉంటాయి, వాటిని పికప్‌లు అంటారు. ఆ గిటారుకు మూడు. రెండు పికప్‌లు కలిసి పనిచేసేటప్పుడు రెండూ ఒకే రొదను పట్టుకుంటాయి. ఒకదాని కరెంటు తీగలను తారుమారు చేసి కలిపితే రెండు రొదలూ ఎదురెదురై ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కానీ అలా చేస్తే పాట కూడా చచ్చిపోతుంది. అందుకని అదే పికప్ కింది అయస్కాంతాన్ని కూడా తిరగేసి అతికించాలి. అప్పుడు రొద పోయి పాట మిగులుతుంది. కాగితం మీద తేలిక. చేతిలో ఉన్నది మాత్రం వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ. అయస్కాంతాన్ని ఊడదీసేటప్పుడు చాకు మొన కొంచెం జారితే ఆ చుట్ట ఇక పనికిరాదు. కొత్తది తెప్పించే వ్యవధి లేదు. నా చేయి ఆగిపోయింది.

"ఏమైంది?" అంది.

"తెగుతదేమో అక్కా."

"తెగితె తెగనియ్యి. తెగుతదని ముట్టకపోతె ఇప్పుడున్నట్టె ఉంటది. ఇట్ల ఉన్న గిటారు నాకెట్లాగు అక్కెరకు రాదు." కాస్త ఆగి, "కని తెంపకు," అంది.

ఇస్త్రీపెట్టె వేడి దూరం నుంచి తగిలిస్తూ, అతికించిన మైనం మెత్తబడ్డాక చాకు మొన దూర్చాను. అయస్కాంతం ఊడివచ్చింది. మీటరు పెట్టాను, చుట్ట బతికే ఉంది. తిప్పి అతికించి, తీగలు మార్చి, టంకం వేసి, స్పీకరుకు తగిలించాను. వెనక షెడ్డులో మగ్గాలన్నీ నడుస్తున్నాయి. స్విచ్చి ఒకే పికప్ మీద ఉంటే గుయ్యిమంటోంది. రెండు పికప్‌ల మీదికి జరపగానే రొద నేల మీద పడ్డ నీళ్లలా ఇంకిపోయింది. ఆమె స్విచ్చిని తానే అటూ ఇటూ జరిపి చూసుకుంది. లేచి వెళ్లి ముఖం కడుక్కుని వచ్చింది.

పెళ్లి మా వైపే ఒక చిన్న హాల్లో జరిగింది. కొద్దిమందే జనం, అందరికీ మాస్కులు. గోడ అవతల మగ్గాల షెడ్డు. నెమలి చీరలో మిగిలిన ముక్కతో అక్క మాస్కు కుట్టుకుంది. గిటారు, మాస్కు ఒకే రంగు. పెళ్లికూతురి చెల్లెళ్లు వచ్చి గిటారుతో ఫొటోలు దిగారు. పురోహితుడు మైకు తీసుకున్నప్పుడు ప్రభాకర్ తల తిప్పి గిటారు స్పీకరు వైపు చూశాడు. నేనూ చూశాను. మంత్రాలు మాత్రమే వినిపించాయి. మంత్రాలు అయిపోయాయి, అక్షింతలు పడ్డాయి, స్పీకరు నోరు మెదపలేదు. ప్రభాకర్ నన్ను గానీ ఆమెను గానీ మెచ్చుకోలేదు. మైకు అందుకుని, "ఇప్పుడు గిటారు మీద మన స్వరూప," అన్నాడు. మాస్కు పైన ఆమె కళ్లు ఎలా ఉన్నాయో నేను చూశాను.

ఆ తర్వాత సేఠ్ షెడ్డును ఊరవతల జోల్వాకు మార్చాడు. వాళ్లూ అక్కడికి మారిపోయారు. అక్క ఇంకా వాయిస్తోంది. పండగలకు ఫోను చేసి, ఈసారి చిలకపచ్చ రంగు వేద్దామా అని అడుగుతుంది.

నేనిప్పుడు కరెంటు ప్యానెళ్లు చేసే చోట పరీక్షల విభాగంలో ఉన్నాను. మొన్న ఆదివారం నాడు నాతో పనిచేసే అతను ఒక ప్యానెల్‌ను పరీక్షించి, అంతా సరిగ్గా ఉందని సంతకానికి తెచ్చాడు. పక్క షెడ్డుకు ఆ రోజు సెలవు, వెల్డింగ్ యంత్రాలన్నీ ఆగి ఉన్నాయి. సంతకం పెట్టలేదు. సోమవారం అవి నడవడం మొదలయ్యాక మళ్లీ చూద్దామన్నాను. చూస్తే మీటరు ముల్లు వణికింది. అతని ముఖం వాడిపోయింది. మునుపు నా ముఖమూ అలాగే వాడిపోయేది. ఇప్పుడు మాత్రం, అతని పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటూ, నాకు నిజంగానే హాయిగా అనిపించింది. "ఏం కాలేదు," అన్నాను, "లోపం బయటికి పోకముందే మన దగ్గరే దొరికింది గద."