ఎర్రబడని బోర్డు

రుషికొండలో మా ఆఫీసు కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. ఎదురు గోడ మీద పెద్ద టీవీ ఒకటి ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు సముద్రం చూస్తారు. పాతవాళ్లం టీవీ చూస్తాం.

మాది ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష. తూకం యంత్రాల్లాంటి వాటి లోపల నడిచే ప్రోగ్రాములు అందులో రాసుకుంటారు. మనిషి రాసినదాన్ని యంత్రం తలకెక్కేలా మార్చిపెట్టేదాన్ని కంపైలర్ అంటారు. దాన్ని రాసేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు ఎక్కడ ఒక్క అక్షరం మార్చినా, నా చేతికింది సర్వర్లు కంపైలర్‌ని మొదటినుంచి మళ్లీ కట్టి, జవాబులు ముందే తెలిసిన బుల్లి ప్రోగ్రాములు దానికిచ్చి చూస్తాయి. అవే టెస్టులు. జవాబులన్నీ సరిపోతే టీవీలో పచ్చ, ఒక్కటి తప్పినా ఎరుపు. ఆ టీవీనే మేం బోర్డు అంటాం. ఈ ఏర్పాటంతా నడుస్తూ ఉండేలా చూడటమే నా ఉద్యోగం.

ఎరుపు తెప్పించినవాడు టీమందరికీ మిరపకాయ బజ్జీలు తేవాలి. ఈ చట్టం ఎవరు చేశారో తెలియదుగానీ, మా ఆఫీసులో ఎవరూ ఎగ్గొట్టని చట్టం అదొక్కటే.

ఇక నా సంగతి. నేను చెప్పేవాటిలో ముప్పాతిక వంతు కోతలని అందరికీ తెలుసు. తుఫాను గాలికి సర్వర్ ఫ్యాన్లు వెనక్కి తిరిగాయనీ, దాంతో గడియారం గంటసేపు వెనక్కి నడిచి, తిన్న భోజనమే నేను మళ్లీ తినాల్సి వచ్చిందనీ చెప్పింది నేనే. ఒకడు నమ్మి, రెండోసారి కూర అదేనా అని కూడా అడిగాడు.

అలాంటి నేను, వానాకాలం వెళ్లి చలి మొదలైనా ఒక్క బజ్జీ తినలేదు. బోర్డు ఎర్రబడితేగా! టీమంతా బాగుపడిపోయిందనుకున్నాం. మా టీమ్ లీడ్ గాజువాకవాడు, నాకంటే చిన్నవాడు, నన్ను బావా అంటాడు. అతను పైవాళ్ల మీటింగులో ఆ పచ్చ బోర్డు ఫొటో చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు. నేనూ కొట్టాను, నాలుక చప్పబడి ఉన్నా.

ఆ రోజు కంపైలర్ కొత్త వెర్షన్ పంపాలి. మధ్యాహ్నంలోగా తూకం యంత్రాల కంపెనీకి చేరాలి. చేపల రేవులో ఉన్నవి వాళ్ల యంత్రాలే. వేట నుంచి వచ్చిన సరుకంతా వాటిమీదే తూగుతుంది. మా అన్నయ్య చిన్న పడవ సరుకు కూడా. ఆ కంపెనీ ఇంజనీరు కొత్తది ఎక్కించడానికి పొద్దున్నే రేవుకు వెళ్లి కూర్చున్నాడు.

పని మధ్య కాస్త తీరిక దొరికింది, నాకు బుద్ధి వంకరైంది. లీడ్‌ చేత బజ్జీలు కక్కించాలి. నా సొంత కాపీలో, అసలుదానికి తగలకుండా, కంపైలర్‌లో కూడిక చేసేచోట తీసివేత పెట్టాను. రెండూ రెండూ కలిపితే సున్నా. బోర్డు ఎర్రబడగానే "నిన్న నువ్వు చేసిన మార్పే కొంప ముంచింది" అని అతని మీదికి తోసేయాలి. విచారంగా ముఖం పెట్టడం కూడా సాధన చేసుకున్నాను.

ఆ కాపీని సర్వర్లకిచ్చాను, అవి తిరిగాయి. పచ్చ.

తప్పు ఫైలేమోనని చూశాను. సరైనదే. గుణకారం కూడా పాడుచేశాను. పచ్చ. ఈసారి ఏ ప్రోగ్రాము ఇచ్చినా ఒక సున్నా ముద్రించి ఊరుకునేలా చేసేశాను. అది కంపైలరే కాదు, మట్టిబొమ్మ. పచ్చ! చేతిలోని టీ కప్పు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ తెలియదు.

"ఒరే, టెస్టులు నడవట్లేదురా," అన్నాను లీడ్ దగ్గరికెళ్లి.

అతను తల కూడా తిప్పలేదు. "సెప్పు బావా. ఈపాలి ఏటి, టెస్టుల్ని సొరసేప మింగేసిందా?"

"నాను కూడిక తీసేసినా పచ్చగానే ఉందిరా!"

పక్క సీట్లో టెస్టులు రాసే అమ్మాయి ఉంది. "అన్నియ్యా, నీ కతలకి ఈయేళ ఖాళీ నేదు. రేవు కాడ్నించి ఆయన రెండుసార్లు ఫోన్ సేసాడు," అంది.

"అమ్మ మీద ఒట్టే."

"ఫ్యాన్లు ఎనక్కి తిరిగినప్పుడూ అమ్మ మీదే ఏసావు. పాపం ఆవిడ."

ఇద్దరూ నవ్వారు. జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెబుతున్నాను, ఒక్కరూ వినరు. గడియారం చూస్తే మధ్యాహ్నం దగ్గరికొచ్చేసింది.

"సరే, నువ్వే పాడుసెయ్యి, నీ సేత్తోనే. నాను ముట్టుకోను," అని చేతులు వెనక్కి కట్టుకున్నాను.

నా పీడ విరగడైతే చాలనుకున్నాడేమో, లీడ్ తన కాపీలో సగం కోడు చెరిపేసి పంపాడు. ముగ్గురం టీవీ వైపు చూస్తూ నిలబడ్డాం. పచ్చ.

"ఇదేటి బావా?" అన్నాడు. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

ఆ అమ్మాయి కీబోర్డు లాక్కుని, సర్వర్లు రాసిపెట్టిన వివరం తెరిచింది. చివరి వరుస: తప్పినవి సున్నా. ఇన్నాళ్లూ మేం చదువుకుని మురిసింది దాన్నే. దాని పై వరుస: నడిచినవి సున్నా.

వానాకాలంలో ఫైళ్లన్నీ సర్దినప్పుడు టెస్టుల ఫోల్డరు పేరు మారింది. సర్వర్లు పాత పేరుతోనే వెతుకుతున్నాయి. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేకపోతే తప్పేదీ లేదు, కాబట్టి పచ్చ. ఎవరూ దిగని ఆటలో ఎవరూ ఓడరు కదా.

"ఇన్నాళ్లూ నాను రాసినయ్యి... ఒక్కటీ నడవనేదా?" అంది ఆ అమ్మాయి. అడిగింది మమ్మల్ని కాదు, స్క్రీన్‌ని.

పేరు సరిచేసి, ఆ రోజు పంపబోయే వెర్షన్ మీద టెస్టులు నడిపాం. బోర్డు మిరపపళ్లు ఆరబోసినట్టు అయింది.

"పోన్లే, ఇంకా పంపనేదు కదా," అని లీడ్ ఊపిరి వదిలాడు.

"మరి కిందటి నెల పంపింది?" అంది ఆ అమ్మాయి.

అది రేవులో యంత్రాల లోపల ఉంది. ఇప్పుడు, ఈ నిమిషాన, తూస్తోంది. ఆ పాత వెర్షన్ కట్టి టెస్టులు నడిపాం. అన్నీ దాటాయి, ఒక్కటి తప్ప. మొత్తం బరువులోంచి తట్ట బరువు తీసేసేటప్పుడు, కొన్ని తూకాల దగ్గర చేప బరువు కాస్త తక్కువ చూపిస్తుంది. పెద్ద పడవలవాళ్లకు ఆ తేడా ఆనదు. చిన్న తట్టలతో వచ్చేవాళ్లకు ప్రతి తట్టకూ ఆ కాస్తా పోతుంది.

లీడ్ ఫోన్ కలిపి నా చేతిలో పెట్టాడు. "నువ్ మాటాడు బావా. నీకు మాటలొచ్చు."

"ఏమండీ, పంపేశారా?" అన్నాడు ఇంజనీరు హుషారుగా.

జరిగింది చెప్పాను. ఎక్కడా ఉప్పూకారం చల్లలేదు, అవి దొరకలేదు కూడా. ఆయన పకపకా నవ్వాడు. "మీరు భలేవారండీ! పని మధ్యలో కూడా మొదలెట్టేశారా?"

ఆ అమ్మాయి ముందుకు వంగి ఫోన్ దగ్గర నోరు పెట్టింది. "సార్, నిజమేనండి. ఆ టెస్టులు నావే."

నవ్వు ఆగింది.

"పడవలొచ్చి ఉన్నాయండీ," అన్నాడు. "తట్టలు వరుసలో ఉన్నాయి. ఆపమంటారా?"

చేపలు ఎండలో ఎంతసేపుంటాయో నాకు తెలుసు. ఆ వరుసలో ఎవరుంటారో కూడా తెలుసు. లీడ్ వైపు చూశాను. అతను తలూపాడు.

"ఆపండి. పాత ముల్లు కాటాలు ఉంటే తియ్యమనండి," అన్నాను.

ఆయన ఎవరినో కేకేసి "తూకాలు ఆపండ్రా!" అనడం వినబడింది. వెంటనే తట్టలు దించిన చప్పుడు, ఎందుకాపారని ఆడవాళ్ల అరుపులు, ఒకదాని మీదొకటి తిట్లు. లీడ్ ఫోన్ పెట్టేయమని సైగ చేశాడు. పెట్టలేదు. చెవికి ఆనించుకుని అలాగే నిలబడ్డాను, ఆ గోలలో మా అన్నయ్య గొంతేది అని వెతుక్కుంటూ.