చీపురు పట్టింది అమ్మగారు కాదు

గోపాల్‌పేట దగ్గర మా ఊరి సంఘం ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుకుంటారు. కరువులో తమను ఓదార్చడానికి వచ్చిన విశ్వాసులను పాస్టరు అయ్యగారి భార్య చీపురు పట్టి తరిమారట. ఆ కథ మొదట చెప్పింది నేనే. అందులో కరువు నిజం, చీపురు నిజం, తరమడం నిజం. తరిమింది మాత్రం అమ్మగారు కాదు.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లుంటాయి. రెండో పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు. మా సంఘంలో వంటకు గింజలు తీసేటప్పుడు ఆడవాళ్లు ఒక పిడికెడు వేరే ముంతలో వేసేవారు. ఆదివారం ఆ ముంతలన్నీ చర్చిలో ఒక గంపలోకి ఒంపేవారు. అయ్యగారి ఇంటికి అదే వారం తిండి. జొన్నలు, సజ్జలు, కొర్రలు, ఉలవలు కలిసిపోయి ఉండేవి. విడదీయడం చేతకాక అమ్మగారు అన్నీ కలిపే సంకటిలా గట్క వండేవారు. వానలు ఎగ్గొట్టిన ఆ ఏడు ఊళ్లో పిడికిళ్లన్నీ చిన్నవైపోయాయి, ఒక్క మా నాయనమ్మది తప్ప.

పక్క ఊరి అయ్యగారు తట్టుకోలేక బండి కట్టించుకుని వనపర్తికి వెళ్లిపోయారు. మా అయ్యగారూ పోతారేమోనని మాకు భయం పట్టుకుంది. ఆయన పోతే పిల్లలకు అక్షరాలు దిద్దించేవారు లేరు, చచ్చినవాళ్లకు ప్రార్థన చేసి మట్టి వేసేవారు లేరు.

"అయ్యగారికి ధైర్యం చెప్పాలె. రోజూ పొయ్యి కూసుందాం" అని కుర్రాళ్లను పోగేసింది నేనే.

పొద్దుగూకగానే వెళ్లి చాపల మీద కూర్చునేవాళ్లం. పాట, ప్రార్థన, ఆపైన ఓదార్పు. ఇంటికొచ్చినవాళ్లను ఉత్త కడుపుతో పంపడం మా దిక్కున లేదు. అమ్మగారు గట్క గిన్నెలు తెచ్చి ముందు పెట్టేవారు. వద్దంటే నొచ్చుకుంటారని తినేవాళ్లం. మరీ నొచ్చుకోకూడదని నేను రెండోసారి కూడా పెట్టించుకునేవాణ్ని.

"మీరు గూడ తినుండ్రి అయ్యగారూ."

"నేను ముందే తిన్న బిడ్డా. మీరు కానియ్యుండ్రి."

రోజూ ముందే తినేవారు. అలా తిని తిని చొక్కాలో మనిషి ఉన్నాడా లేడా అన్నట్టు తయారయ్యారు. శోధనలో ఉన్నవారు చిక్కిపోవడం మామూలే అనుకుని మేం ఇంకా గట్టిగా ఓదార్చాం. మాతో వచ్చేవాళ్లు కూడా పెరిగారు. మంచి పనికి తోడు దొరకడం దేవుని దయ అనుకున్నాను.

ఒక సాయంత్రం నాయనమ్మ కూడా వచ్చింది. పాట మధ్యలో, పోయేటప్పుడు దారిలో చుట్ట కాల్చుకోవచ్చని, నిప్పు కోసం వంటింట్లోకి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి చేతిలో నిప్పు లేదు, చీపురు ఉంది.

"లేవుండ్రి! లోపట కుండ బోర్లేసి ఉంది. పిల్లలు గంజినీళ్లు తాగి పండుకున్నరు. మీకు గట్క కావాల్నా?"

"నాయనమ్మా, మేం ఓదార్చనీకి..."

"ఏంది నువ్వు ఓదార్చేది? నేను పిడికెడు పిడికెడు తెచ్చిపోస్తే నువ్వు గిన్నెలకు గిన్నెలు మింగుతున్నవా? ఇంట్ల తిన్నది సాలక నా పిడికెడు గూడ ఈడికొచ్చి తింటున్నవా?"

మొదటి దెబ్బ నా వీపు మీదే పడింది. "జర ఆగవ్వా" అంటూ అయ్యగారు అడ్డం వచ్చారు.

"నువ్వు కూసో అయ్యగారూ. తిన్న తిన్న అని రోజూ అబద్ధమాడితివి. నీ సంగతి ఆదివారం జూస్త."

బయటికి ఉరుకుతూ చూశాను, గుమ్మం పక్కన ట్రంకు పెట్టె సర్ది ఉంది. నాయనమ్మ కూడా చూసింది. మర్నాడు ఇల్లిల్లూ తిరిగి ఒకటే మాట చెప్పింది. ఓదార్చేవాడు తన ఇంట్లో తిని పోవాలి, అయ్యగారి ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు, పూటకో ఇంటినుంచి అయ్యగారికి వండిన తిండి పోవాలి. రెండు మూడు రోజులకు పెట్టెలోని బట్టలు మళ్లీ దండెం ఎక్కాయి. అయ్యగారు మమ్మల్ని వదిలి పోలేదు.

వనపర్తి సంతలో స్నేహితులు చీపురు సంగతి గుచ్చి గుచ్చి అడిగారు. సొంత నాయనమ్మ కొట్టిందంటే పరువు పోతుందని, "మా అమ్మగారే" అన్నాను. వాళ్లు పగలబడి నవ్వారు. తర్వాతి ఏళ్లలో అయ్యగారూ అమ్మగారూ ఏ ఊరికి బదిలీ అయినా, వాళ్లకంటే ముందు నా కథ అక్కడికి చేరింది.

మొన్న కొత్తకోటలో, అయ్యగారు పోయాక ఒంటరిగా ఉంటున్న అమ్మగారి దగ్గరకు వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను.

"ఎరుకే బిడ్డా" అని నవ్వారు. "ఆ యేడు నీ కథ మంచిగనే పన్జేసింది. తినే యాళ్లకు మా ఇంటి దిక్కు ఎవ్వరు తొంగిజూడలె." ఆ నవ్వుతోనే, "అయ్యగారు పోయినంక గూడ ఎవ్వరు తొంగిజూడలె" అన్నారు.

పోదామని లేచాను.

"తిన్నవా?"

"తిన్న అమ్మగారూ." పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

"మీ అయ్యగారు గూడ గిట్లనే అంటుండె" అంటూ గిన్నె తెచ్చి ముందు పెట్టారు.

తిన్నాను. రెండోసారి మాత్రం పెట్టించుకోలేదు.