తలకింద తువాల

మా అన్నను ట్రాక్టర్ ట్రాలీలో వేసుకొచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. కొంటా దారిలోని చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను నర్సుని. "పొద్దుగాల కల్లు తాగిండు, నెత్తికెక్కింది" అన్నారు తెచ్చినవాళ్లు. నేనూ తిట్టడానికే నోరు తెరిచాను. చిన్నప్పటి నుంచి అన్నను తిట్టడం నాకు అలవాటు. కనురెప్ప ఎత్తి చూస్తే కంటిపాప ఆవగింజంత ఉంది. నోట్లోంచి నురగ, కళ్ల వెంట నీళ్లు, తొడల మీద కండరాలు వాటంతట అవే అదురుతున్నాయి. కల్లు మనిషినిలా చెయ్యదు.

"పొద్దున ఏం చేసిండు?" అని వదినను అడిగాను.

"మిర్చికి మందు కొట్టిండు పిల్లా. వీపు మీది ట్యాంకు మూత కారుతాందని తిట్టుకుంటనే కొట్టిండు."

ఇది పురుగుమందు పనే. చొక్కా, లుంగీ విప్పించి బయట పారేయించి, సబ్బుతో ఒళ్లంతా కడిగాను. రాయపూర్ నుంచి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ విరుగుడు సూది, అట్రోపిన్, మొదలుపెట్టింది. సుక్మాకు ఫోన్ చేస్తే అంబులెన్స్ బయల్దేరిందన్నారు.

ఏటా మిర్చి కాలంలో ఇలాంటి కేసులు చూస్తాను కాబట్టి లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు. తెలియకపోతేనే బాగుండేదని ఆ రోజు అనిపించింది. నరం చివర కంటికి కనిపించనంత సన్నని సందు ఉంటుంది. నరం అందులోకి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వదులుతుంది. అది అవతల ఉన్న గ్రాహకంలో కూర్చుంటే పని మొదలవుతుంది. నోరు ఊరుతుంది, కండరం కదులుతుంది. పని కాగానే ఒక ఎంజైమ్ దాన్ని ముక్కలు చేసేస్తుంది. మెదడులోనూ అదే పద్ధతి. ఈ పురుగుమందు సరిగ్గా ఆ ఎంజైమ్‌నే పట్టుకుంటుంది. ఇక రసాయనం పోగుపడుతూనే ఉంటుంది, ఊరమన్న ఆజ్ఞ ఆగదు, ఊపిరితిత్తులు సొంత నీళ్లలోనే మునుగుతాయి.

"ఆ సూది విషాన్ని కక్కిస్తదా?" అంది వదిన.

"కక్కియ్యదు వదినా. దోర్నపాల్ బస్సుల కిటికీలకెంచి తువాల ఏసి సీటు ఆపుకుంటం చూడు, గట్ల. ఇది ముందుగాల పోయి సీటు ఆపుతది. ఒంట్ల పోగైన రసానికి కూసునే జాగ దొరకదు."

"మరి అది దిగిపోదా?"

"దిగదు. నిలబడే ఉంటది. అందుకే సూది మీద సూది ఇయ్యాలె."

కండరాల మీది గ్రాహకాలు వేరే రకమని, వాటికి ఈ సూది పనిచెయ్యదని ఆమెకు చెప్పలేదు. ఊపిరి తీసే కండరాలు అలిసిపోతే మా దగ్గర యంత్రం లేదు.

అన్నను పక్కకు తిప్పి పడుకోబెట్టినప్పుడు తల వాలిపోతోంది. దిండు లేదు. మంచం కోడు మీద వేసి ఉన్న తువాల మడతపెట్టి తలకింద పెట్టాను.

"పుత్‌లీ మత్ దేఖో సిస్టర్, ఛాతీ సునో" అంది డాక్టరమ్మ. కంటిపాపను కాదు, ఛాతీని నమ్మమని. డోసు పెంచుతూ పోయాం. గంట తర్వాత ఛాతీలో గురగుర తగ్గింది, నోరు ఆరింది. సూది మందు మెదడు గ్రాహకాల దాకా వెళ్లిందేమో, అన్న గాల్లో మిరపకాయలు కోయడం మొదలుపెట్టాడు. కోసినవి జాగ్రత్తగా ఒళ్లో వేసుకుంటున్నాడు. వదిన ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నవ్వు ఇంకా ఆరకముందే ఛాతీలో మళ్లీ చప్పుడు మొదలైంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. "ఒళ్లు కడిగావా?" "కడిగాను మేడమ్." "వెంట్రుకలు?" "అవీ కడిగాను." పెట్టెలో సూది మందు ఆరు ఆంప్యూళ్లే మిగిలాయి. వాటిలోనూ నాలుగు అయిపోయాయి. అంబులెన్స్ ఇంకా దారిలోనే ఉంది. నాకు నిజంగా భయం వేసింది. అన్న నా చేతుల్లోనే పోతాడనుకున్నాను.

అప్పుడు వదిన మెల్లగా అంది. "పిల్లా, ఆ తువాల ట్యాంకు మూతకు కట్టిందే గద?"

కారకుండా మూత చుట్టూ తువాల బిగించడం మా వైపు అందరూ చేసే పనే. పొద్దంతా మందు తాగిన గుడ్డ అది, అన్నతోపాటే ట్రాలీలో వచ్చింది. గదంతా ఒకటే వాసన కాబట్టి నా ముక్కుకు తేడా తెలియలేదు. అన్న చెంప, చెవి, మెడ గంటన్నర నుంచి దాని మీదే ఉన్నాయి. ఒక చేత్తో సూదులు ఇస్తూ రెండో చేత్తో విషం పట్టించింది నేనే.

లాగి పారేసి, చెంప, మెడ, జుట్టు మళ్లీ కడిగాను. "ముందే చెప్పొద్దా వదినా" అని గట్టిగా అరిచాను కూడా.

"నువ్వు పెట్టినవ్ గద. నీకు తెల్వదా అనుకున్న" అంది ఆమె.

చివరి ఆంప్యూల్ ఎక్కుతుండగా అంబులెన్స్ వచ్చింది. అన్న పన్నెండు రోజులు సుక్మాలో ఉండి, నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు. ఆ రోజు సంగతి ఒక్కటీ గుర్తులేదు. అన్నం తిని, చెయ్యి తుడుచుకోబోయి అటూ ఇటూ వెతికాడు.

"నా తువాల ఏదే?"

నేను పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

"ట్రాలీల నుంచి ఎక్కడనో పడిపోయింది" అంది వదిన, నా పళ్లెంలో ఇంకొంచెం అన్నం పెడుతూ.