మేనత్త పట్టిన మైల

మా కోడలు చూసే టీవీ సీరియల్‌లో ఒకతను, తనను కాదన్న అమ్మాయి ఇంటి ముందు వారాల తరబడి వానలో తడుస్తున్నాడు. నిన్న తెరలోంచి సూటిగా చూస్తూ, నువ్వు లేకపోతే నేను లేనన్నాడు. మా మనవరాలు దిండు వాటేసుకుని, "నన్నే చూస్తుండు తాతా" అంది. చూసేవాళ్ళతో ఇంతటి దగ్గరితనం టీవీ నేర్పిన కొత్త విద్య అని ఈమధ్యే ఒక వ్యాసంలో చదివాను. బడి మధ్యలో మానినా, రాయచూరు గ్రంథాలయంలో సగం బీరువాలు నమిలినవాణ్ణి. అచ్చయిన మాటను తొందరపడి కాదనను. కానీ బొమ్మ కూడా లేని రోజుల్లో ఒట్టి గొంతు మా ఇంట్లో ఏం చేసిందో ఆ వ్యాసకర్తకు తెలియదు.

నా చిన్నప్పుడు, మా ఊరి కాలువల్లో కొత్తగా నీళ్ళు పారుతున్న కాలంలో మా ఇంటికి రేడియో వచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు హైదరాబాదు నుంచి ఒక నాటకం వారం వారం సాగేది. అందులో కథానాయకుడు ఉలకని పలకని పిల్ల కోసం కుమిలిపోయేవాడు. ఆ పిల్ల పలకదు గనక పెళ్ళికాని మా మేనత్త పలికేది. తలలో మల్లెలు పెట్టుకుని, రొట్టె తడుతూ, "వింటున్న, చెప్పు" అనేది. గొంతంటే గాలిలో తరంగాలేనని పుస్తకంలో చదివింది విప్పి చెప్పాను. "నీ తరంగాలకు గంత దుఃఖం ఎట్ల తెలుస్తదిరా?" అంది. దానికి జవాబు ఏ బీరువాలోనూ దొరకలేదు.

ఎన్నో సంబంధాలు తప్పిపోయాక మట్మారి ఊరి రైతొకతను ఆమెను ఇష్టపడ్డాడు. ఇదీ పోతే ఇక రాదని నానమ్మ బెంగ. "మంచోడే, గొంతే జర బొంగురు" అంది మేనత్త. నానమ్మ దాన్నే ఒప్పుకోలుగా తీసుకుంది. తాంబూలాలకు ఆదివారం సాయంత్రం ముహూర్తం కుదిరింది. ఆ మధ్యాహ్నమే నాటకంలో కథానాయకుడు చనిపోయాడు. అయినవాళ్ళ చావు కబురు వింటే కట్టుబట్టలతో తలస్నానం చేయడం మా ఇళ్ళలో ఆచారం. మేనత్త బావి దగ్గరికి వెళ్ళి కుండలకొద్దీ నీళ్ళు దిమ్మరించుకుంది. మగపెళ్ళివారు అరుగెక్కేసరికి తడి జుట్టుతో వాకిట్లో నిలబడి ఉంది.

"ఏందమ్మా గిట్ల? ఎవరు పోయిండ్రు?" అంది పెళ్ళికొడుకు తల్లి.

"మావాడు" అని మేనత్త రేడియో వైపు చూసింది. నానమ్మ గబగబా నాటకం సంగతి చెప్పి నవ్వబోయింది. ఇంకెవరూ నవ్వలేదు.

"మైల తీరినంక మల్లొకసారి వద్దామమ్మా" అన్నాడు పెళ్ళికొడుకు మెల్లగా.

"మైల ఎవరిదో తెలిస్తే గద, ఎన్ని దినాలో చెప్పేది!" అని తల్లి కొడుకును లేవదీసింది. తాంబూలం పళ్ళెం అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు అదే గొంతు వేరే నాటకంలో హాస్యాలాడుతూ వినిపించింది. బతికే ఉన్నాడు చూడమన్నాను. మేనత్త వింది. "వీడెవడో" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె మల్లెలు పెట్టుకోలేదు, మరో సంబంధమూ రాలేదు. ఆ ఇంట్లోనే ముసలిదై, ఆ ఇంట్లోనే పోయింది.

తండ్రికి, అన్నకు, దాయాదికి ఎన్నాళ్ళ దుఃఖమో మా పెద్దలు లెక్కలు కట్టి పెట్టారు. పేరు లేని బంధానికి ఆ లెక్క చెప్పేవాళ్ళు లేక, మా మేనత్త పట్టిన మైల ఎక్కడ ఆగాలో తెలియకుండానే నడిచింది.