వోకో దొర గంట కోసం తెనాలి, బాపట్ల

ముందుగా నన్ను క్షమించాలి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. అక్షరాల్లో తప్పులూ ఎక్కువే. ఊళ్ళో అయిదో తరగతితో చదువు ఆగింది. కాగితం మీద రాసిస్తే మా మనవరాలు టైపు చేసి ఈ ప్రయాణాల గుంపులో పెడుతోంది.

మాది రేపల్లె దగ్గర పల్లె. అక్కడి బడిలో ముప్పై ఏళ్ళు గంట కొట్టాను. పాతకాలపు కంచు గంట, తొమ్మిది కిలోలు ఉంటుంది. అంచు మీద ఇంగ్లీషు అక్షరాలతో రెండే మాటలు, వివోస్ వోకో. గంట ఇచ్చిన దొర పేరు అదేనని ఊరంతా అనుకునేవాళ్ళం. వోకో దొర గంట అనే పిలిచేవాళ్ళం. పోయిన నెల బడికి కరెంటు గంట వచ్చింది. పాతదాన్ని తెనాలి ఇత్తడి కొట్టుకిచ్చి మంచినీళ్ళ బిందెలు తీసుకుందామని హెడ్మాస్టరమ్మగారు పంపేశారు. "ఎవరో దొర పేరు మనకెందుకండీ, తాతగారూ?" అన్నారు. శనివారం సాయంత్రం దాన్ని కరిగించడానికి తీసుకెళ్తారని తెలిసి, ఒక్కసారి చూసి వద్దామని ఆ రోజే బయల్దేరాను.

రేపల్లెలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కితే గంట సేపట్లో తెనాలి. టికెట్టు పదిహేను రూపాయలు. కొట్టుకి ఆటోలో వెళ్ళాను.

"ఏంటి పెద్దాయనా, గంటకి దణ్ణం పెట్టడానికొచ్చారా?" అన్నాడు కొట్టు యజమాని.

"పేరు రాసుకెళ్దామని, బాబూ."

అంచు మీద కాగితం పెట్టి బొగ్గుతో రుద్దాను. అక్షరాలు తేలాయి. అతను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది పేరులా లేదండి. ఇంగ్లీషూ కాదు. బాపట్లలో మా దగ్గర కొనే ఫాదర్‌గారొకరున్నారు, చర్చిలో పాత ప్రార్థన భాష ఆయనకొచ్చు. కానీ నాలుగింటికి బండొస్తుంది. గంట కావాలనుకుంటే ఆలోపు రండి, తర్వాత నేనేం చెయ్యలేనండి."

తెనాలి నుంచి బాపట్ల రైల్లో ముప్పావుగంట. పదకొండుకల్లా ఫాదర్‌గారి ముందున్నాను. ఎనభై దాటిన మనిషి, మజ్జిగ తాగుతున్నారు.

"ఇది ఏ దొర పేరండీ?" అని కాగితం ఇచ్చాను.

కళ్ళజోడు తుడుచుకుని చదివి గట్టిగా నవ్వారు. "దొరా లేడు, గిరా లేడు! లాటిన్ అండీ ఇది. వివోస్ అంటే బతికున్నవాళ్ళని. వోకో అంటే పిలుస్తున్నాను. ఇంగ్లీషులో ఐ కాల్ ద లివింగ్ అంటారు. సమాధుల మీద ఆర్.ఐ.పి. అని చూస్తారే, అదీ లాటిన్ నుంచి వచ్చిందే. శాంతిగా విశ్రమించమని. అది పోయినవాళ్ళకి. ఇది ఉన్నవాళ్ళకి."

"ఆ గంట మా బడిలో ముప్పై ఏళ్ళు నేనే కొట్టానండి," అన్నాను.

"ముప్పై ఏళ్ళు కొట్టారా? అయితే అన్నేళ్ళూ ఆ మాట అన్నది మీరేనండీ."

"నేను పెద్దగా మాట్లాడనండి."

"ఇప్పుడు మాట్లాడండి మరి," అని ఆయన ఫోను నా చేతిలో పెట్టారు.

హెడ్మాస్టరమ్మగారికి ఆ అర్థం చెప్పి, గంట ఉంచుకుందామని అడిగాను. ఫోనులో అంత పొడుగు మాట నేనెన్నడూ మాట్లాడలేదు. ఈ ఏడాది బడిలో మిగిలింది పదకొండు మంది పిల్లలేనని, పిలవాల్సినవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారని అన్నాను.

"తెచ్చేయండి, తాతగారూ. బిందెల సంగతి నేను చూస్తాను. కానీ దాని అర్థం సోమవారం పిల్లలకి మీరే చెప్పాలి."

తిరుగు రైలు ఆలస్యమైంది. కొట్టు చేరేసరికి నాలుగు కావస్తోంది. బండి వచ్చి ఉంది, గంట అందులోకి ఎక్కేసింది.

"దొరగారు దొరికారా?" అన్నాడు యజమాని.

"దొర కాదు, బాబూ. బతికున్నవాళ్ళని పిలుస్తున్నానని గంటే అంటోంది. మేడంగారు తెచ్చేయమన్నారు."

అతను బండివాడిని ఆగమన్నాడు. తనే బండెక్కి దించాడు. దాని నాలుకకి కండువా చుట్టి, రేపల్లె దాకా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

సోమవారం పిల్లల ముందు నిలబడ్డాను. కండువా విప్పి గంట కొట్టాను. అప్పుడు మాట వచ్చింది. ఆ మోతకి రోడ్డు మీద వెళ్ళే ఇద్దరు తల్లులు గేటు దగ్గర ఆగి లోపలికి చూశారు. వచ్చే ఏడాది హాజరు పట్టీలో పన్నెండో పేరు, పదమూడో పేరు పడతాయేమో. అర్థం తెలియకుండా ముప్పై ఏళ్ళు పిలిచాను. తెలిశాక పిలవడం వేరుగా ఉంది.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. పాత రాతలు చూడబోతే పల్చటి కాగితం, బొగ్గుముక్క దగ్గరుంచుకోండి, ఫోటోలో పడని అక్షరాలు కూడా తేలతాయి. మీ ఊరి గంట మీద ఏం రాసుందో చూసి త్వరగా జవాబు రాయండి. ఎదురు చూస్తుంటాను.